నీలం తలుపు

కొర్చాలో వ్యాను ఏడింటికి బయల్దేరాలి.
ఏడున్నరకి డ్రైవరు బర్ధుల్ ఇంకా కాఫీ తాగుతూనే ఉన్నాడు.
బల్ల మీద తాళంచెవులు, ఎవరిదో మందుల చీటీ,
ఎవరికో చేర్చాల్సిన కోడిపెట్ట,
కాళ్లు కట్టేసి, నోరు మాత్రం వదిలేసి.

చిన్న దేశం.
పటం మీద బొటనవేలు పెడితే సగం మూసుకుపోతుంది.
దాటడానికి మాత్రం రోజంతా కావాలి,
ప్రతి కొండనీ చుట్టూ తిరిగి పలకరించాలి కదా.

ఎర్సెకె దాటాక పొలాల్లో
బోర్లించిన సిమెంటు చట్టుల్లా బంకర్లు.
రాని శత్రువు కోసం కట్టినవి.
"మా నాన్న రెండు వేసవులు వీటికి ఇసక మోశాడు,"
అన్నాడు బర్ధుల్ గేరు మారుస్తూ,
పక్కింటివాళ్ల అప్పు గురించి చెప్పినట్టు.
ఇప్పుడు ఒకదాంట్లో మేకపిల్లలు, ఇంకోదాంట్లో ఉల్లిపాయలు.
ఖాళీగా ఉన్నదాంట్లోకి తల పెట్టి చూశాను.
చీకటి కూడా నిలవుంటే
ఒక వాసన వేస్తుందని తెలిసింది.

లెస్కోవిక్ ఒకప్పుడు పెద్ద పట్నమట.
మాకు కనిపించినవి ఒక కాఫీ కొట్టు, మూడు పిల్లులు,
పైకప్పు లేని ఇంట్లో దర్జాగా పెరిగిన ప్లమ్ చెట్టు.
గోడ మీది పాత నినాదంలో
"ముందుకు" అన్న మాట ఒక్కటే మిగిలింది.
ఎవరు, ఎక్కడికి అన్నవి
సున్నంతో పాటే రాలిపోయాయి.

పెర్మెత్‌లో వ్యోసా నది
నీలమో ఆకుపచ్చో తేల్చుకోకుండానే పారుతోంది.
వంతెన దగ్గర సానియే అనే ఆవిడ వ్యాను ఆపింది.
అక్రోటు తొక్కల మరకతో నల్లబడ్డ వేళ్లు.
వేసవిలో పాకం పట్టిన పచ్చి అక్రోటు కాయల సీసా
డ్రైవరుకి కాదు, నా చేతికిచ్చింది.
"వీడు మలుపుల్లో పగలగొడతాడు. నువ్వు ఒళ్లో పెట్టుకో."
బర్ధుల్ ఏమీ అనుకోకుండా నాకు అర్థం చెప్పాడు.
జిరోకాస్తర్‌లో ఆమె తమ్ముడు జెవీత్.
కోట కింద మూడో మలుపు, నీలం తలుపు.
మాటల్లేక పద్దెనిమిదేళ్లు.
ఏమని చెప్పమంటారు, అని అడిగించాను.
ఆవిడ నది వైపు చూసింది చాలాసేపు.
"ఏం చెప్పొద్దు. సీసా ఖాళీ అయ్యాక తిరిగి పంపమను."

కెల్చురా ఇరుకులో
రెండు కొండలూ మా మాటలు వినడానికి వంగాయి.
ఎవరి గొడవో నా ఒళ్లో వెచ్చగా కూచుంది,
పరాయివాళ్ల పసిపిల్లలా.
గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాను.
కోడిపెట్ట నన్ను ఒంటి కన్నుతో గమనించింది.

జిరోకాస్తర్‌లో గోడలు రాళ్లే, దారులు రాళ్లే,
ఇళ్ల పైకప్పులు కూడా రాళ్లే.
అప్పుడే వాన వెలిసి
ఊరంతా ఒక పెద్ద చేప ఒడ్డున పడ్డట్టు
పొలుసులు పొలుసులుగా మెరుస్తోంది.
నీలం తలుపు తీసిన ముసలాయన
నన్ను కాదు, సీసాని చూశాడు.
"జెవీత్?" అన్నాను.
తల ఒక్కసారి నిలువుగా ఊపాడు.
సంతోషంగా ఇచ్చేశాను.
రెండు చేతులా అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టాడు,
పెదాలు కదిలాయి, కాయలు లెక్కపెడుతున్నట్టు.
తలుపు మూసుకుంది. ఆమె చెప్పమన్న ఒక్క మాటా
నా నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఊరంతా
పని లేకుండా నడవడానికి వీధిలోకొచ్చింది.
బర్ధుల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.
"మా దగ్గర అలా ఊపితే కాదని అర్థం!"
మా వైపు తల ఊపితే ఔననీ, కాదనీ,
చూద్దాంలే అనీ కూడా అర్థం అన్నాను.
నవ్వు ఆపి కాసేపు ఆలోచించాడు.
"కొత్తవాళ్లని చూస్తే కొందరు తిప్పి ఊపుతారు.
కొందరు కాదంటూనే తీసుకుంటారు. ఎవరికి తెలుసు."

మర్నాడు వెళ్లేముందు ఆ మలుపు దాకా నడిచాను.
తలుపు మూసే ఉంది.
గడప మీద సీసా లేదు.
కడిగి ఎండలో బోర్లించిన మూత ఒక్కటే ఉంది,
అంచున ఇంకా ఆరని చుక్క.

కింద బర్ధుల్ హారన్ కొడుతున్నాడు.